రాగి బెల్లం కేకు మధ్యలో కుంగిపోతోందా?

నాలుగింటి టీకని రాగి బెల్లం కేకు పెట్టారు. ఓవెన్‌లో కాస్త లేచింది, తీసేసరికి మధ్యలో గుంట పడింది. కోస్తే అడుగున హల్వాలాంటి ముద్ద. ఇలా అయిందని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే: బేకింగ్ పౌడర్ పరీక్షించారా? పదిమందిలో ఒకరు కూడా చూడరు. అర కప్పు వేడినీళ్లలో అర టీస్పూన్ వేయండి. వెంటనే బుసబుసా పొంగాలి. నాలుగు బుడగలొచ్చి ఆగిపోతే ఆ డబ్బా పారేయండి. మన నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, పైగా సముద్రపు గాలి. మూత వదులుగా ఉంటే తేమ పట్టి, డేట్ దాటకముందే పౌడర్ పనికిరాకుండా పోతుంది.

పౌడర్ బాగున్నా కుంగిందంటే బెల్లం నీళ్లను అనుమానించండి. నన్ను చాలాసార్లు ఏడిపించింది ఇదే. బెల్లంలో ఇసుక, నలకలు ఉంటాయి కాబట్టి కరిగించి వడకట్టక తప్పదు. చుట్టాలొచ్చే టైమైందన్న తొందరలో ఆ వేడివేడి నీళ్లే పిండిలో పోసేస్తాం. పోయగానే బుడగలు లేచి పిండి ఉబ్బుతుంది. ఎంత బాగా పొంగిందో అని సంతోషపడతాం. నిజానికి ఓవెన్‌లో కేకును లేపాల్సిన గ్యాస్ అక్కడే, గిన్నెలోనే పోతోంది. కేకులో వేసే పెరుగులో పులుపుంటుంది, బెల్లంలోనూ కొద్దిగా ఉంటుంది. వంటసోడా వాటిని తాకగానే పని మొదలుపెడుతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా. మిగిలిన కొద్దిపాటి గ్యాస్‌తో లేచిన కేకు, లోపల ఉడికి గట్టిపడేలోపే కూలిపోతుంది.

ముప్పావు కప్పు బెల్లం తురుముకు పావు కప్పు నీళ్లు చాలు. ఎక్కువ పోస్తే అడుగు ముద్దవుతుంది. పాకం రానివ్వకండి, కరగ్గానే దించి వెడల్పాటి గిన్నెలోకి వడకట్టండి. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంటే వెచ్చదనం తెలియకూడదు. తొందరైతే గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టండి. బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ సోడా పొడిపిండిలోనే కలిపి ఉంచి, ఓవెన్ 170 డిగ్రీలకు వేడెక్కాకే తడిదీ పొడిదీ కలపండి. కలిపాక ఆగొద్దు. కరెంటు పోయేలా ఉంటే అసలు కలపొద్దు.

మధ్యలో ఓవెన్ తలుపు తీసినా, టిన్ను మరీ చిన్నదైనా కూడా కేకు కుంగొచ్చు. అంతా రాగిపిండే వేస్తే కేకు పొడిపొడి అవుతుంది, అది వేరే సంగతి. ఒక వంతు రాగికి రెండు వంతుల గోధుమపిండి కలపండి.

ఈరోజు కుంగిన కేకును మాత్రం పారేయకండి. పలచగా కోసి, పెనం మీద నెయ్యి వేసి సన్నసెగన రెండువైపులా కాల్చండి, ఆ ముద్దగా ఉన్న భాగం కరకరలాడుతుంది.