హార్డ్‌డిస్క్‌కు ఎస్‌ఎస్‌డీ క్యాచీ: సమస్య - పరిష్కారం

2011లో జెడ్68 అనే మదర్‌బోర్డు చిప్‌సెట్‌తో ఇంటెల్ తెచ్చిన స్మార్ట్ రెస్పాన్స్ అనే సదుపాయం ఇంకా చాలా పాత డెస్క్‌టాప్‌లలో నడుస్తోంది. పెద్ద హార్డ్‌డిస్క్‌లో తరచూ వాడే డేటా కాపీని, అంతకన్నా వేగంగా పనిచేసే చిన్న ఎస్‌ఎస్‌డీలో (చిప్‌లతో చేసిన డ్రైవ్) ఉంచడమే దాని పని. ఆ కాపీ ఉండే చోటునే క్యాచీ అంటారు. క్యాచీకి 64 జీబీ మించి తీసుకోదు.

సమస్య: ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌లో క్యాచీని ఆన్ చేసే యాక్సలరేట్ ఆప్షన్ కనబడదు.
బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగులు) డ్రైవ్‌లు ఎలా పనిచేయాలో చెప్పే సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉంది, స్మార్ట్ రెస్పాన్స్‌కు రెయిడ్ మోడ్ కావాలి. నేరుగా మారిస్తే విండోస్ 10 నీలి తెర దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే రెయిడ్ డ్రైవర్ బూట్‌లో లోడ్ కాదు. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ బూట్ సెట్టింగుల టూల్) సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేసి, అప్పుడు బయోస్‌లో రెయిడ్ ఎంచుకోండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకున్నాక టిక్ తీసేయండి.

సమస్య: వేగం పెరగలేదు.
మొదటిసారి ఏ ప్రోగ్రామైనా హార్డ్‌డిస్క్ నుంచే వస్తుంది. రెండు మూడుసార్లు తెరిచాక చూడండి. పెద్ద సినిమా ఫైళ్ల కాపీలో తేడా ఆశించవద్దు, వాటిని క్యాచీ కావాలనే పక్కన పెడుతుంది.

సమస్య: ఎస్‌ఎస్‌డీ తీశాక ఫైళ్లు పాడయ్యాయి, లేదా పాతవి కనిపిస్తున్నాయి.
అన్నిటికన్నా ప్రమాదం ఇదే. స్మార్ట్ రెస్పాన్స్‌కు ఉన్న రెండు మోడ్‌లలో ఒకటైన మ్యాక్సిమైజ్డ్ మోడ్‌లో కొత్త డేటా ముందు ఎస్‌ఎస్‌డీకి చేరుతుంది, హార్డ్‌డిస్క్‌కు తర్వాత వెళ్తుంది. ఆలోపు ఎస్‌ఎస్‌డీని విడదీస్తే డిస్క్‌లో మిగిలేది అసంపూర్ణ డేటా. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయి, బయోస్ సెట్టింగులు చెరిగి, రెయిడ్ దానంతటదే పోయినా ఇదే జరగొచ్చు. పాత మెషీన్లలో ఈ సెల్‌ను ఎవరూ అనుమానించరు.

దయచేసి అప్పుడు చెక్‌డిస్క్ (డిస్క్ లోపాలు సరిచేసే విండోస్ టూల్) నడపకండి. అసంపూర్ణ డేటానే సరైనదనుకుని "బాగు" చేసేస్తుంది, ఆ తర్వాత రెండు డ్రైవ్‌లూ కలవవు. కంప్యూటర్ ఆపి, సెల్ మార్చి, ఎస్‌ఎస్‌డీని తిరిగి తగిలించి, బయోస్‌లో రెయిడ్ పెట్టండి. విండోస్‌ను తెరవనివ్వకుండా, బూట్‌లో కంట్రోల్-ఐ నొక్కి యాక్సలరేషన్ ఆప్షన్స్‌లో ముందు సింక్రొనైజ్ (ఎస్‌ఎస్‌డీలో మిగిలిన డేటాను హార్డ్‌డిస్క్‌కు చేర్చడం), అది పూర్తయ్యాకే రిమూవ్ (క్యాచీని తీసేయడం) ఎంచుకోండి. ఎస్‌ఎస్‌డీ పూర్తిగా చచ్చిపోయి ఉంటే, చదవగలిగిన ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌కు కాపీ చేశాకే చెక్‌డిస్క్.

మళ్లీ క్యాచీ పెట్టేటప్పుడు ఎన్‌హాన్స్‌డ్ మోడ్ ఎంచుకోండి. రాసేటప్పుడు వేగం తగ్గుతుంది గానీ, ప్రతి ఫైలూ అప్పటికప్పుడు హార్డ్‌డిస్క్‌కూ చేరుతుంది. చేతిలో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే మాత్రం క్యాచీ జోలికి పోకుండా విండోస్‌నే దాని మీద వేసుకోండి.