పలు దేశాల ఉమ్మడి చట్టసభను ఎలా రూపొందించాలి?

నమూనా చట్టసభల కోసం విద్యార్థులు రాసే ముసాయిదాలను ఏళ్ల తరబడి దిద్దుతున్నాను. దాదాపు ప్రతి ముసాయిదా జెండాతోను, సభాభవనంతోను ఆర్భాటంగా మొదలై, సీట్ల పంపకం దగ్గర చతికిలబడుతుంది.

ముందుగా సభ్యదేశాలు సంతకం చేసే ఒప్పందం, తాజా జనాభా లెక్కలు, ఒక కాలిక్యులేటర్ సిద్ధం చేసుకోవాలి. సభ ఎక్కడ కూర్చోవాలో, ఏ భాషల్లో నడవాలో, పదవీకాలం ఎంతో నాలుగు వాక్యాల్లో రాసి ముందుకు సాగండి.

ఇక సీట్లు. ఇక్కడ తొందర పనికిరాదు. తూర్పు ఆఫ్రికా శాసనసభలో ప్రతి దేశానికీ 9 మంది ఎన్నికైన సభ్యులుంటారు. టాంజానియాకూ 9, జనాభాలో దానిలో నాలుగో వంతైనా లేని రువాండాకూ 9. లెక్క సులువే గాని, పెద్ద దేశపు పౌరుడి ఓటు పలచబడుతుంది. పోనీ, జనాభా నిష్పత్తిలోనే పంచుదామంటే అదీ కుదరదు. యూరోపియన్ పార్లమెంటులో సుమారు అయిదున్నర లక్షల జనాభా ఉన్న మాల్టాకు 6 సీట్లున్నాయి. అదే లెక్కన జర్మనీకి తొమ్మిది వందలకు పైగా ఇవ్వాలి. జర్మనీకి ఇప్పుడున్న 96 సీట్ల లెక్క పట్టుకుంటే మాల్టాకు ఒక్క సీటైనా పూర్తిగా దక్కదు.

కాబట్టి మొత్తం సీట్ల పరిమితిని, ఒక్కో దేశానికి కనిష్ఠాన్ని, గరిష్ఠాన్ని ముందే ఒప్పందంలో రాయాలి. యూరోపియన్ పార్లమెంటుకు అవి వరుసగా 751, 6, 96. దేశాలవారీ అంకెలను మాత్రం ఒప్పందంలో ఎక్కించకూడదు. 2020లో బ్రిటన్ వైదొలగినప్పుడు దాని 73 సీట్లలో 27ను ఇతర దేశాలకు పంచి, 46ను ఖాళీగా ఉంచగలిగారంటే ఆ వెసులుబాటు వల్లనే.

పంపకానికి 2011లో కేంబ్రిడ్జిలో గణితవేత్తలు ప్రతిపాదించిన పద్ధతినే వాడండి: ప్రతి దేశానికీ ముందు 5 సీట్లిచ్చి, మిగిలినవి జనాభా నిష్పత్తిలో పంచి, భిన్నం వస్తే పై అంకెకు సవరించి, 96 దగ్గర ఆపాలి. యూరప్ నాయకులు బేరసారాలనే ఇష్టపడి దీనిని పక్కన పెట్టారు. ఆ బేరం ప్రతి ఎన్నికకు ముందూ మళ్లీ మొదలవుతుంది. దేశం పెద్దదయ్యేకొద్దీ ఒక్కో సభ్యుడు ప్రాతినిధ్యం వహించే జనాభా పెరగాలన్న నియమాన్ని భిన్నాలను సవరించక ముందే సరిచూడాలి. సవరించిన తరువాత చూసి, లెక్క తప్పిందని మొత్తం చెరిపేసినవారిని ఎందరినో చూశాను.

సభ్యులను ప్రజలే నేరుగా ఎన్నుకోవడం మేలు. యూరప్‌లో 1979 నుంచి అదే జరుగుతోంది. జాతీయ పార్లమెంటులే ఎన్నుకోవాలంటే ‘ఎన్నిక’ అన్న మాటకు అర్థం స్పష్టంగా రాయండి. 2006లో కెన్యా పార్టీల జాబితానే ఎన్నికగా చూపబోతే, తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం ఆ సభ్యుల ప్రమాణస్వీకారాన్ని నిలిపివేసింది.

సభ్యులను దేశాలవారీగా కాక రాజకీయ వర్గాలవారీగా కూర్చోబెట్టాలి. యూరోపియన్ పార్లమెంటులో ఒక వర్గానికి కనీసం 23 మంది ఉండాలి, వారు సభ్యదేశాల్లో నాలుగో వంతుకు తగ్గకుండా రావాలి.

చివరగా, బిల్లుకు తుది ఆమోదం ఎవరిదో రాయాలి. తూర్పు ఆఫ్రికా పద్ధతిలో మూడు నెలల్లో దేశాధినేతల ఆమోదం రాని బిల్లు సభకు తిరిగి వస్తుంది. సభ దానిని మళ్లీ పంపినా, ఒక్క దేశాధినేత కాదంటే వీగిపోతుంది. ఆ చివరి షరతును మీ ముసాయిదాలోకి ఎత్తి రాసుకోకండి.