ఆర్‌టీఎక్స్ 3070: హాష్‌రేటు పోకుండా కరెంటు తగ్గింపు

ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డుతో ఈథీరియమ్ క్లాసిక్ అనే క్రిప్టోకరెన్సీని మైనింగ్ చేస్తే భారమంతా కార్డు మెమరీదే. కోర్‌కి (లెక్కలు చేసే చిప్‌కి) ఎక్కువ వోల్టేజీ ఇస్తే మిగిలేది వేడే. అందుకే నేను వాట్లకు హద్దు పెట్టే పవర్ లిమిట్ స్లైడర్ కన్నా, ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే కర్వ్‌నే నమ్ముతాను.

కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఆ కర్వ్ తెరుచుకుంటుంది. 750 మిల్లీవోల్టుల దగ్గరి చుక్కని ఎంచుకుని, ఎల్ నొక్కి లాక్ చేసి, అప్లై చేయండి. హాష్‌రేటు (సెకనుకు కార్డు చేసే మైనింగ్ లెక్కలు) పడిపోతే కోర్ చాలట్లేదన్నమాట, ఒక చుక్క కుడికి జరపండి. ఆ తర్వాతే మెమరీ క్లాక్‌ని (వేగాన్ని) 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచండి. 220 వాట్ల కార్డు 120-130 దగ్గర నిలుస్తుంది.

వోల్టేజీ, మెమరీ రెండూ ఒకేసారి కదిపితే తప్పు ఎక్కడుందో దొరకదు. ఇన్‌వాలిడ్ షేర్లు (కార్డు పంపే తప్పుడు ఫలితాలు) వస్తుంటే సాధారణంగా మెమరీ క్లాక్ ఎక్కువైందని అర్థం, 100 తగ్గించండి. డ్రైవర్ రీసెట్ అయితే లాక్ పోయి కార్డు మళ్లీ పూర్తి వోల్టేజీకి వెళ్లిపోవచ్చు, వాట్లు చూసుకోండి. ఒక రాత్రంతా నిలకడగా నడిచేదాకా స్టార్టప్‌లో అప్లై అయ్యే బటన్ నొక్కొద్దు.