కంబాలకొండలో కొండ నడక: గేటు దాటేముందు

విశాఖ వచ్చినవాళ్ళు కైలాసగిరి ఎక్కుతారు, జూ చూస్తారు. ఆ జూ దగ్గరే హైవే మీదున్న కంబాలకొండ గేటును మాత్రం దాటుకుని వెళ్ళిపోతారు. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి ఇది. ఒకప్పుడు విజయనగరం రాజులది, 1970 నుంచి అటవీశాఖది. ఆర్టీసీ కాంప్లెక్సులో మధురవాడ వైపు వెళ్ళే బస్సెక్కి హనుమంతవాక దాటాక దిగాలి. ఊరి పక్కనే కదా అని చెప్పులతో, అర లీటరు సీసాతో బయల్దేరడమే ఇక్కడ అసలు ప్రమాదం.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. గేటు తెరిచే వేళకే చేరుకుని టికెట్ తీసుకోండి, ఆరోజు ఏ దారి తెరిచి ఉందో సిబ్బందిని అడగండి. ఇది అభయారణ్యం. అనుమతి లేని దారిలో దొరికితే కేసవుతుంది. తుపాను వెళ్ళిన వారంలో వెళ్ళకపోవడమే మేలు: సగం విరిగి వేలాడే కొమ్మలు గాలి లేకపోయినా పడతాయి.

మూడు గంటల నడకకి మనిషికి రెండు లీటర్ల నీళ్ళు కావాలి. సముద్రపు తేమకి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే ఎండ లేని రోజు కూడా కళ్ళు తిరుగుతాయి. లీటరుకి కలపాల్సిన ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని లీటరులోనే కలపండి. అర లీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై దాహం పెరుగుతుంది. మూడో వంతు నీళ్ళు అయిపోగానే, ఎంత దూరం వచ్చారన్నది చూడకుండా వెనక్కి తిరగండి.

దారి తప్పడం ఎక్కువగా దిగేటప్పుడే. కట్టెలకీ పశువులకీ తిరిగిన బాటలు ఒక్కోచోట అసలు దారికన్నా వెడల్పుగా కనిపించి, చివరికి ఏదో గెడ్డలో, అంటే కొండవాగులో, కలిసిపోతాయి. గెడ్డ వెంట దిగితే ఊరొస్తుందనుకోవద్దు, బండలూ ముళ్ళపొదలూ అడ్డమొస్తాయి. వచ్చిన దారినే పైకెక్కి, చివరిసారి గుర్తుపట్టిన చోటికి చేరండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, గేటు దగ్గరే ట్రాక్ రికార్డింగ్ మొదలుపెడితే సిగ్నల్ లేకున్నా ఫోను దారి చూపిస్తుంది.

చిరుతలున్నాయి, కనిపించడం అరుదు. కనిపిస్తే పరుగెత్తొద్దు, వంగొద్దు. పిల్లల్ని ఎత్తుకుని, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. కుక్కని తీసుకెళ్ళడమంటే చిరుతని పిలవడమే.

చిరుతకన్నా ముందు మిమ్మల్ని పట్టుకునేది దురదగొండి. చలికాలంలో దీని కాయలు పొదల మీద గుత్తులుగా, గోధుమరంగు నూగుతో మఖమల్‌లా మెరుస్తుంటాయి, చెయ్యి ఊరికే పోతుంది. ఆ నూగు తగిలితే గోకొద్దు, గోకితే పక్కలకి పాకుతుంది. ప్లాస్టర్ టేపు అంటించి లాగండి, నూగు దానితో వచ్చేస్తుంది. ఆ తర్వాతే సబ్బుతో కడగాలి. నిండు చేతుల చొక్కా, ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోవడం దీనికీ, పిడుదులకీ కూడా.

రక్తపింజరి, కట్లపాము, నాగుపాము మూడూ ఉన్న అడవి ఇది. కాటు పడితే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, కాటుపడ్డ కాలో చెయ్యో కదలకుండా కర్రకి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకురండి. అప్పటికే ఒకరు 108కి ఫోన్ చేసి ఉండాలి. చేర్చాల్సింది విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్‌).