క్లైంబింగ్ లేన్ తప్పుగా వస్తోందా? ముందు గ్రేడ్ గుర్తు చూడండి

కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్‌లో లోడు లారీ వెనక ఇరుక్కున్నవాళ్లకు క్లైంబింగ్ లేన్ (ఎత్తు ఎక్కే లోడు లారీల కోసం పక్కన వేసే అదనపు లేన్) ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ సివిల్ త్రీడీలో ఆ లేన్ మోడల్ చేస్తూ ఎక్కడో ఆగిపోయి ఫైలు పంపేవాళ్ల దగ్గర నాకు కనిపించేవి దాదాపు ఇవే. కారిడార్ (రోడ్డు త్రీడీ మోడల్) చేయడం వచ్చనుకునే రాస్తున్నా.

సమస్య: ఆఫ్‌సెట్ అలైన్‌మెంట్ (రోడ్డు మధ్యగీతకు పక్కన గీసే లేన్ అంచు గీత) ఉంది, లేన్ వెడల్పు మాత్రం మారలేదు

ఆ రీజియన్‌లో (కారిడార్‌లోని ఆ ముక్కలో) వెడల్పు టార్గెట్, అంటే లేన్ అంచు ఏ గీతను పట్టుకుని పోవాలో, ఇవ్వలేదు, అంతే. "ఇచ్చాను సార్" అంటారు. తెరిచి చూస్తే ఖాళీ. అసెంబ్లీ (రోడ్డు అడ్డకోత నమూనా) మార్చి కొత్త రీజియన్ వేసినప్పుడల్లా టార్గెట్ మళ్లీ ఇచ్చి, రీబిల్డ్ చేయండి.

సమస్య: టేపర్ (లేన్ మెల్లగా వెడల్పయ్యే లేదా సన్నబడే భాగం) అనుకున్న చోట మొదలవడం లేదు

25 మీటర్లకో సెక్షన్ పెడితే, 10+237లో (10 కి.మీ. 237 మీటర్ల దగ్గర) మొదలవాల్సిన టేపర్ 10+225 నుంచే విచ్చుకున్నట్టు కనిపిస్తుంది. టేపర్ ఉన్నంత మేర 5 మీటర్లకు తగ్గించండి. మొదట్లో, చివర్లో ఒక్కో స్టేషన్ చేత్తో కలపండి.

సమస్య: ఎర్రర్ ఒక్కటీ లేదు, కానీ లేన్ కొండెక్కే లారీకి పనికిరాదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి అలవాటుగా అలైన్‌మెంట్‌కు ఎడమవైపే వెడల్పు పెంచేస్తాం. సాఫ్ట్‌వేర్‌లో ఎడమ అంటే ఛెయినేజీ (రోడ్డు మొదలు నుంచి కొలిచిన దూరం) పెరిగే వైపు తిరిగి నిలబడితే ఎడమ. లారీ ఎటు పోతుందో దానికి సంబంధం లేదు.

ఒక రెండు లేన్ల ఘాట్ రోడ్డులో ఛెయినేజీ కొండ మీద మొదలై కిందికి వచ్చింది. నేను ఎడమవైపు 3.5 మీటర్లు పెంచాను. ప్లాన్ చక్కగా ఉంది, క్రాస్ సెక్షన్లు, క్వాంటిటీలు అన్నీ వచ్చాయి. ప్రింటు మీద పెన్సిల్‌తో లారీ గీసి బాణం పెట్టాక చూస్తే, లేన్ దిగే లారీలకు వేసి ఉంది.

దాన్ని కుడికి మార్చి, అయిపోయిందనుకున్నా. కాలేదు. వెడల్పు పెంచే వైడెనింగ్ సెట్టింగ్‌లో ఎంట్రీ అంటే తక్కువ ఛెయినేజీ ఉన్న చివర. ఎక్కే లారీ ఎదురు దిశలో వస్తుంది కాబట్టి దానికి అది బయటికొచ్చే చోటు. లేన్‌లోకి పోవడానికి 90 మీటర్లు, తిరిగి మెయిన్ లేన్‌లో కలవడానికి 175 మీటర్లు డిజైన్‌లో ఉంటే, నా మోడల్‌లో అవి తారుమారయ్యాయి. వెనక బస్సు తరుముకొస్తుంటే నెమ్మదిగా పోయే లారీ కలవడానికి 85 మీటర్లు తగ్గిపోయాయి. అది ప్రాణాలతో పని.

అందుకే లేన్ గీయకముందే ప్రొఫైల్ (రోడ్డు ఎత్తుపల్లాల గీత) తెరవండి. గ్రేడ్ (ఛెయినేజీ పెరిగే వైపు రోడ్డు వాలు) ప్లస్ ఉంటే, అంటే ఎక్కుతుంటే, లేన్ ఎడమవైపు. మైనస్ ఉంటే కుడివైపు. మైనస్ ఉన్నప్పుడు ఎంట్రీలో పొడవాటి టేపర్, ఎగ్జిట్‌లో పొట్టిది ఇవ్వండి. అప్పుడు టార్గెట్ కూడా కుడి లేన్‌కే తగిలించాలి. లేన్‌ను సరిగ్గా కొండ నెత్తిన ఆపకండి, లారీ వేగం పుంజుకునేదాకా దాటించండి.

మిగతావి

వంపులో అదనపు లేన్ వాలు పక్క లేన్‌తో కలవకపోతే, ఆ సబ్‌అసెంబ్లీలో (అసెంబ్లీలో ఆ లేన్ ముక్కలో) సూపర్ ఎలివేషన్ (వంపులో రోడ్డుకు ఇచ్చే పక్కవాలు) వాడొద్దని ఉండిపోయి ఉంటుంది. బయటి లేన్ అని మార్చండి. ఫైలు పాడవడం, వెర్షన్ కుదరకపోవడం లాంటివి చాలా అరుదు. ఒకసారి ఫైల్లో తప్పులు వెతికే ఆడిట్ కమాండ్ కొట్టి, మళ్లీ గ్రేడ్ గుర్తు దగ్గరికే రండి.