ట్యాంకులో గొడవ ఎప్పుడు మొదలైంది?

ఒంగోలులో మా ఇంట్లో నాలుగు అడుగుల ట్యాంకు ఉన్నందుకు చేపల పంచాయతీలన్నీ నా దగ్గరికే వస్తాయి. ఫోనులో వీడియో చూపించి ‘ఇందులో చెడ్డ చేప ఏదండీ, తీసేస్తాను’ అంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: గొడవ ఎప్పుడు మొదలైంది? వదిలిన గంటలోనా, వారానికా, ఆరు నెలలకా, మే నెలలోనా? సిచ్లిడ్ల విషయంలో సగం కారణం ఆ జవాబులోనే దొరుకుతుంది.

ఏంజెల్, ఆస్కార్, డిస్కస్, ప్యారెట్, ఫ్లవర్‌హార్న్ దుకాణంలో వేర్వేరు తొట్లలో కనిపించినా అన్నీ సిచ్లిడ్ కుటుంబానివే. చోటు కోసం పోట్లాడటం, జత కట్టాక పిల్లలకు కాపలా కాయడం వాటి నైజం. దాన్ని మార్చలేం, ట్యాంకునే దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

వదిలిన గంటలోనే తరుముతోంది

పాత చేపలు ట్యాంకును ఇదివరకే పంచేసుకున్నాయి. కొత్తగా వచ్చినది ఎక్కడ ఆగినా అది ఎవరో ఒకరి గడపే.

కొత్త చేపను వదలడానికి ముందే పాతవాటికి కడుపు నిండా మేత వేసి, లైటు ఆర్పి, రాళ్లన్నిటినీ చోటు మార్చి పేర్చండి. హద్దులు చెరిగితే పాతవి కూడా కొత్తవే. ఒక్కదాన్ని కాకుండా రెండు మూడింటిని కలిపి వదిలితే దెబ్బలన్నీ ఒక్కదాని మీదే పడవు. రెండు రోజులైనా తరమడం ఆగకపోతే చాలామంది దెబ్బలు తిన్నదాన్ని బయటికి తీస్తారు. తీయవలసింది కొట్టేదాన్ని. చిల్లులున్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, పైన మూత వేసి, నాలుగైదు రోజులు అదే ట్యాంకులో వేలాడదీయండి. ఊరు వదిలి వెళ్లినవాడి పొలం గట్టు జరిగిపోయినట్టు, అది తిరిగి వచ్చేసరికి దాని చోటు వేరేవారి చేతిలో ఉంటుంది.

రాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. రంగురంగుల ప్లాస్టిక్ కోటల కోసం వందలు ఖర్చు పెట్టేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. మార్కాపురం పలకరాయి మన పక్కనే దొరుకుతుంది కదా. అది నీటిలో కరగదు, పొరలుగా చీలుతుంది, రెండు ముక్కలు వాలుగా నిలబెడితే గుహ తయారు. అంచులు మాత్రం గచ్చు మీద రుద్ది నునుపు చేయాలి. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు కూడా మంచివే, బరువెక్కువ కాబట్టి ఇసుక మీద కాకుండా నేరుగా అడుగు అద్దం మీద, కింద థర్మోకోల్ పరిచి పేర్చండి. కడప బండ ముక్క, కొత్తపట్నం లేదా మైపాడు తీరంలో ఏరిన గవ్వలు మాత్రం వేరే కథ. వాటిలో సున్నం ఉంటుంది, నీటి కాఠిన్యాన్ని, అంటే కరిగిన ఖనిజాల మోతాదును, పెంచుతాయి. రాయి మీద నిమ్మరసం పిండి చూడండి, బుడగలు వస్తే అది సున్నపురాయే.

గొడవ పడుతున్నాయి, వారం లోపే ఒక్కొక్కటీ చస్తున్నాయి

చిరిగిన రెక్కలు చూసి ‘కొట్టి చంపింది’ అంటారు. కొత్త ట్యాంకులో అయితే నేను ముందు అనుమానించేది నీటిని. చచ్చిన చేపను తక్కినవి పీకడం మామూలే, రెక్కలు తరవాత చిరిగి ఉండవచ్చు. చచ్చేముందు అది నీటి పైకి వచ్చి నోరు తెరిచి ఊపిరి తీసిందా, మొప్పలు ఎర్రగా కమిలాయా? అయితే నేరం అమ్మోనియాది.

చేప విసర్జించే అమ్మోనియాను ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను మరో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనవాళ్లు ఆదివారం ట్యాంకు కొని ఆ సాయంత్రమే పది చేపలు వదులుతారు. పైగా మన బోరు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) తరచుగా ఎక్కువ. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే, పీహెచ్ 8 అయితే ఆరు శాతం దాటుతుంది. రొయ్యల రైతుకు ఈ లెక్క చెప్పనక్కరలేదు, చెరువు గట్టు మీద రోజూ వేసుకునేదే.

ఆ రైతు వెళ్లే ఆక్వా ల్యాబుకే మీరూ వెళ్లండి. నెల్లూరు తీరంలోనూ, ఒంగోలు చుట్టుపక్కలా రొయ్యల చెరువులున్న ప్రతిచోటా అవి ఉన్నాయి. సీసాలో ట్యాంకు నీరు తీసుకువెళితే పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, క్షారత, కాఠిన్యం చూసి చెబుతారు. అమ్మోనియా ఉందని తేలితే రెండు రోజులు మేత ఆపి, రోజూ పావు వంతు నీరు మార్చండి. కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి ఒక రాత్రి ఎయిర్ పంపు పెట్టి ఉంచాలి. పాత ట్యాంకు ఉన్న స్నేహితుడి ఫిల్టరు స్పాంజిలో ముక్క అడిగి తెచ్చుకుంటే వారాల పని రోజుల్లో అవుతుంది. చెరువుల్లో వాడే జియోలైట్ అనే ఖనిజం మంచినీటి ట్యాంకులోనూ అమ్మోనియాను పట్టుకుంటుంది, కానీ అదే ట్యాంకులో ఉప్పు వేస్తే పట్టుకున్నదంతా వదిలేస్తుంది. ఈ రెండూ కలిపి వేసేవారు చాలామంది.

కొట్టుకోవడం లేదు, రంగు వెలిసి మూలన నిలబడుతోంది

రోజులు గడిచేకొద్దీ నెమ్మదిగా పెరిగే సమస్య ఇది. మేత తినదు, రెక్కలు ముడుచుకుంటుంది. ఆ చేపకు ఈ నీరు పడలేదు.

కనిగిరి, పొదిలి వైపు బోరు నీటి సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్‌తో ఆ నేల ఎంత బాధపడిందో, వీధివీధినా శుద్ధినీటి ప్లాంటు ఎందుకు వెలిసిందో చెప్పనక్కరలేదు. ఆ నీటిలో కాఠిన్యం కూడా ఎక్కువే. అందులో డిస్కస్‌నో, ర్యామ్ అనే చిన్న సిచ్లిడ్‌నో వదిలితే అవి బతికి ఉండటమే గొప్ప. వాటి ఊరు దక్షిణ అమెరికా, అక్కడి నీరు మెత్తన. ఆఫ్రికాలోని మలావి సరస్సు నీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పీహెచ్ దాదాపు 7.8 నుంచి 8.6 వరకు ఉంటుంది, ఖనిజాలూ అక్కడికంటే ఎక్కువే. ఎల్లో ల్యాబ్ వంటి మలావి చేపలు మన బోరు నీటిలో హాయిగా ఈదుతాయి.

అందుకని నా మాట ఇదీ: నీటిని చేపకోసం మార్చడం కంటే నీటికి తగిన చేపను తెచ్చుకోండి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీరైతే మలావి చేపలు పెంచండి. ఏంజెల్ మీద మనసు పోతే ఫారాల్లో పెరిగినవి మధ్యస్థ కాఠిన్యానికి అలవాటు పడతాయి. బోరు నీటిలో సగం ప్లాంటు నీరు కలిపితే సరిపోతుంది. నీటిలో కరిగిన ఖనిజాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూసుకుంటూ, ఒక్కసారిగా కాకుండా రెండు మూడు వారాల్లో ఆ స్థాయికి తీసుకురండి. పూర్తిగా ప్లాంటు నీరే పోస్తే అందులో పీహెచ్‌ను నిలబెట్టే క్షారత దాదాపు ఉండదు, పీహెచ్ ఉన్నట్టుండి పడిపోవచ్చు.

మలావి చేపలను, అమెజాన్ చేపలను ఒకే ట్యాంకులో కలపకండి. నీరే కాదు, మేతా కుదరదు. మలావి రాళ్ల మధ్య బతికే చేపలు ఎక్కువగా పాచి తినేవి. చవకగా దొరుకుతోంది కదా అని వనామీ రొయ్యల మేత రోజూ వేస్తే కడుపు ఉబ్బి చచ్చే ప్రమాదం ఉంది. స్పిరులినా మేత, ఉడికించిన పాలకూర వాటికి మేలు.

చిన్న చేపలు మాయమవుతున్నాయి, శవం కూడా లేదు

తినేసింది. నోట్లో పట్టేది ఏదైనా మేతే. నేను కొత్తలో ఏంజెల్ పిల్లలతో పాటు పన్నెండు నియాన్ టెట్రాలు వదిలాను. మూడు నెలలకు ఏంజెళ్లు చక్కగా పెరిగాయి, టెట్రాలు నాలుగు మిగిలాయి. ఆస్కార్ అయితే రెండు అంగుళాల పిల్లగా ముద్దుగా అమ్ముతారు, అది అడుగు పొడవు చేప అవుతుంది. దాని పక్కన చిన్నవి వద్దు, మూడు అడుగుల ట్యాంకూ వద్దు. ఏంజెల్ దగ్గర మోలీ, స్వోర్డ్‌టెయిల్, పెర్ల్ గౌరామి ఇముడుతాయి. టైగర్ బార్బ్ మాత్రం ఏంజెల్ రెక్కలు కొరుకుతుంది. ఇక్కడ తప్పు సిచ్లిడ్‌ది కాదు.

ఆరు నెలలు కలిసి ఉండి, ఒక్కసారిగా యుద్ధం

జత కట్టాయి. ఫిల్టరు గొట్టం మీదో, నిలబెట్టిన పలకరాయి మీదో గుడ్లు వెతకండి. తక్కిన చేపలన్నీ ఒక పక్కకు ఒదిగి కనిపిస్తాయి. ఇది విదేశీ చేపల గుణమే అనుకోకండి. పులికాట్ ఉప్పునీటి సరస్సులో దొరికే ఎట్రోప్లస్‌లు మన దేశపు సిచ్లిడ్లే, అవీ ఇలాగే గుడ్లను, పిల్లలను కాచుకుంటాయి. వాటి నారింజరంగు జాతిలో పిల్లలు తల్లిదండ్రుల ఒంటి జిగురును కూడా తింటాయి.

నాలుగు అడుగుల ట్యాంకైతే మధ్యలో చిల్లుల అడ్డుతెర పెట్టి జంటకు ఒక పక్క ఇవ్వండి. చిన్నదైతే జంటను వేరే ట్యాంకుకు మార్చాలి. కాన్విక్ట్ అనే సిచ్లిడ్ జంటకు మూడు అడుగుల ట్యాంకు మొత్తం తమదే అనిపిస్తుంది, దానితో బేరాలు లేవు. మలావి చేపల్లో జతలు ఉండవు, మగవి ఎక్కువ కావడమే గొడవ. ఒక మగ చేపకు మూడు నాలుగు ఆడ చేపలు ఉంచి, మిగిలిన మగవాటిని తీసేయండి.

మే నెలలో, తుపానులో

రోహిణి కార్తెలో నీరు 32 డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకు అవసరమేమో పెరుగుతుంది. చిరాకు, తరమడం అక్కడి నుంచే. మూత తీసి వల కప్పి, నీటి మీదికి ఫ్యాను పెట్టండి, మేత సగం చేయండి. ఆవిరైన నీటి స్థానంలో బోరు నీరు పోస్తూ పోతే ఖనిజాలు పేరుకుంటాయి, ప్లాంటు నీరు పోయాలి. తుపాను వస్తే కరెంటు పోతుందని తెలిసిన జిల్లా మనది, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. నవంబరు, డిసెంబరు చలికి ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు వస్తే అది పరాన్నజీవి, రొయ్యల తెల్లమచ్చ వైరస్‌తో దానికి సంబంధం లేదు. హీటరుతో నెమ్మదిగా 30 డిగ్రీలకు తెచ్చి, ఎయిర్ పంపు పెంచి, దుకాణంలో దొరికే మందు వేయండి.

ఇన్ని చేసినా ఇమడని చేప ఉంటే దాన్ని పెన్నలోనో, ఊరి చెరువులోనో వదలకండి. ట్యాంకు శుభ్రం చేస్తుందని తెచ్చిన సక్కర్ చేపలు ఎక్కడెక్కడో బయటపడి చేపల చెరువుల రైతులను పీడిస్తున్నాయి. పెద్దదైన చేపను వెనక్కి తీసుకుంటారా అని దుకాణంలో కొనేముందే అడగండి, ఎక్కువ చోట్ల చిన్న చేపలు ఇచ్చి మార్చుకుంటారు.