మాటల్లేని దాయాదుల ఆచూకీ తీసేదెట్లా

రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగి ముప్ఫై నలభై ఏళ్ళయితే, సంగతి తెలిసినవాళ్ళు ఒకరిద్దరే మిగిలి ఉంటారు. వాళ్ళూ నోరు విప్పరు. అందుకే జేజినో పెద్దాయననో "ఎందుకు తెగింది" అని ముందే అడగొద్దు. ఎప్పుడు తెగిందో కాగితాల మీద తేల్చుకుని, ఆ తర్వాతే వాళ్ళ దగ్గర కూర్చోండి.

మొదటి ఆధారం ట్రంకుపెట్టెలోనే దొరుకుతుంది: పెళ్ళిళ్ళ సదివింపుల పుస్తకాలు. కనీసం మూడు పెళ్ళిళ్ళవి పక్కపక్కన పెట్టుకోండి. 1978లో నూటపదహార్లు రాయించిన పేరు 1985 పుస్తకంలో లేదంటే తెగింది ఆ మధ్యలోనే కావచ్చు. ఒక్క పుస్తకంతో తేల్చేయొద్దు, మైల ఉండి రాకపోయి ఉండొచ్చు. శుభలేఖ కూడా చూడండి. అందులో పేరు వేసి సదివింపు లేకపోతే పిలిచినా రాలేదని, పేరే వేయకపోతే అసలు పిలవలేదని అనుకోవచ్చు. అలిగింది ఎవరో ఇక్కడే కొంత తెలుస్తుంది.

తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. సర్వే నంబరు పెట్టి ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) తీయించండి. 1983 నుంచి ఉన్నవి కంప్యూటర్లో వస్తాయి, అంతకు ముందువాటికి పాత పుస్తకాలు వెతికించాల్సిందే. ఆన్‌లైన్‌లో చూసేటప్పుడు జిల్లా పేరు దగ్గర తడబడతారు: 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి విడిపోయాయి. పారీఖత్తు (పంపకాల పత్రం), హక్కు విడుదల, సెటిల్మెంట్ (అయినవాళ్ళకు ఆస్తి రాసిచ్చే పత్రం) కనబడితే దస్తావేజు నకలు తీసుకోండి. హక్కు విడుదల తేదీ, సదివింపులు ఆగిన ఏడాది కలిస్తే గొడవ భూమిదే అయ్యుంటుంది.

ఆడబిడ్డతో తెగిందా? 1985 సెప్టెంబరు 5 గుర్తుపెట్టుకోండి. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఉందని మన ఆంధ్రప్రదేశ్ చట్టం చెప్పింది. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళ చేత పెట్టించిన సంతకాలను ఒకటికి రెండుసార్లు చదవండి. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పారీఖత్తు ఈసీలో రాదు కాబట్టి, ఈసీలో ఏమీ లేదని నిమ్మళపడొద్దు.

వేరే ఇంటిపేరున్న ఆడమనిషికి తాత సెటిల్మెంట్ రాసినట్టు బయటపడితే ఇంట్లో అప్పుడే అనకండి. నకలులో బంధుత్వం ఏమని రాశారో ముందు చూడండి. రెండో పెళ్ళే అయినా ఆ పిల్లలను కాదనడానికి లేదు. చెల్లని పెళ్ళికి పుట్టినవాళ్ళకూ తండ్రికి వచ్చే వాటాలో హక్కుందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తేల్చింది.

తాతల కాలం దాటి పోవాలంటే, మీ కులానికి వంశాలు చెప్పే వంశరాజులుంటే అడగండి. పొగడ్త విద్య కదా, మచ్చలు దాటేస్తారు. వలసపోయిన ఊళ్ళ పేర్లు మాత్రం పనికొస్తాయి.

కువైట్ పోయి మాట లేకుండా పోయినవాళ్ళది వేరే దారి. పాస్‌పోర్టు నంబరు, ఆఖరున పనిచేసిన చోటు రాసి విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో అర్జీ పెట్టండి. ఏడేళ్ళు ఏ కబురూ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని చట్టం అంటుంది, కానీ కోర్టు ఉత్తర్వు లేకుండా కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో ఆ పేరు ఎగ్గొట్టొద్దు. మనిషి తిరిగొస్తే మెడకు చుట్టుకుంటుంది.

ఆచూకీ దొరికాక మొదటి ఫోను రెండు నిమిషాలు మించకూడదు. "చిన్నాయనా, నేను ఫలానా వాళ్ళ మనవడిని. బాగుండారా? ఊర్లో దేవర చేస్తాండాము, చెప్పిపోదామని చేసినా." అంతే. పాత సంగతి ఎత్తారా, వాటాకు వచ్చారనుకుంటారు. కలవడానికి ఎవరి ఇల్లూ పనికిరాదు, గడప ఎవరు ముందు తొక్కాలనే దగ్గరే చెడుతుంది. దేవర జాతర దగ్గరో కదిరి తిరునాళ్ళలోనో అయితే ఎవరి తలా దిగదు. ఆ రోజు భూమి కాగితాలు సంచిలో కూడా ఉండకూడదు. కలవడానికి ఒప్పుకోకపోతే వదిలేయండి. చావు కబురు మాత్రం వాట్సాప్‌లో పెట్టి ఊరుకోక, మనిషి చేత చెప్పి పంపండి.